చంపేది చలి కాదు, గూడు లేమి

శీతకాలం వచ్చిందంటే ఉత్తరాదిన చలిగాలులకు బలైనవారి లెక్కలు పత్రికల్లో దర్శనమివ్వడం ఏటా ఆనవాయితీగా మారింది. అయితే ఆ వార్తలు ఎక్కడి నుంచి వస్తున్నాయో పరిశీలిస్తే ఒక వైచిత్రి గోచరిస్తుంది. కుళాయి నీరు సైతం గడ్డకట్టే లడఖ్, కాశ్మీర్‌ల కన్నా ఉత్తరప్రదేశ్, బీహార్ మైదానాల నుంచి, ఢిల్లీ కాలిబాటల నుంచి అవి తరచు వెలువడుతుంటాయి. ఉష్ణోగ్రత ఎంతకు దిగజారిందన్నది ఒక్కటే ప్రధానం కాదని, దానిని ఎదుర్కొనేందుకు మనిషి వద్ద ఏముందన్నదే ప్రాణాన్ని నిలబెడుతున్నదని దీన్నిబట్టి స్పష్టమవుతున్నది.

కాశ్మీర్ లోయలో శీతకాలానికి ఒక పంచాంగమే ఉంది. డిసెంబర్ 21న మొదలయ్యే 40 రోజుల తీవ్రమైన చలిని అక్కడివారు 'చిల్లై కలాన్' అంటారు. ఆ తరువాత 20 రోజులు 'చిల్లై ఖుర్ద్', మరో 10 రోజులు 'చిల్లై బచ్చా'. ఈ 70 రోజుల కోసం గృహిణులు వేసవిలోనే సొరకాయ, వంకాయ, టమాటా ముక్కలు ఎండబెట్టి దాస్తారు. 'ఫెరన్' అనే పొడవాటి వదులు అంగీ, దాని లోపల పట్టుకునే 'కాంగ్డీ' అనే నిప్పుల కుంపటి వారికి నిత్యావసరాలు. కాంగ్డీని ఏళ్ల తరబడి ఒంటికి ఆనించుకోవడం వల్ల చర్మ క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉందని వైద్యులు చిరకాలంగా హెచ్చరిస్తున్నప్పటికీ, దానిని విడిచిపెట్టగల స్థోమత అందరికీ లేదు. లడఖ్‌లో మందపాటి మట్టి గోడలు, దక్షిణపు ఎండను లోనికి రానిచ్చే కిటికీలు, ఏడాది పొడవునా పోగుచేసిన పిడకలు జనాన్ని కాపాడుతున్నాయి. తరతరాల అనుభవం అక్కడ ఇంటి నిర్మాణంలోనే ఇమిడి ఉంది.

గంగా మైదానం పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నమైనది. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండ వేడిమిని తట్టుకోవలసిన ప్రాంతమది. గాలి ధారాళంగా ఆడే పూరిళ్లు, రేకుల షెడ్లు జనవరి రాత్రులకు అడ్డు నిలవలేవు. పైగా దట్టమైన పొగమంచు రోజుల తరబడి సూర్యుని కప్పివేయడంతో పగటి ఉష్ణోగ్రత సైతం పెరగదు. 2019 డిసెంబర్ 30న ఢిల్లీలో గరిష్ఠ ఉష్ణోగ్రతే 9.4 డిగ్రీలకు మించలేదు. పగలు ఎండ కాచుకుని రాత్రిని గట్టెక్కే పేదవానికి ఆ ఆధారం కూడా కరవైనట్లే. మైదానాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకన్నా తగ్గి, సాధారణ స్థాయి కన్నా కనీసం 4.5 డిగ్రీలు తక్కువగా ఉంటే వాతావరణ శాఖ దానిని శీతల పవనాల స్థితిగా ప్రకటిస్తుంది. కానీ దేశంలో 2001-2013 మధ్య సంభవించిన మరణాలను విశ్లేషించి 2018లో వెలువరించిన ఒక అధ్యయనం, తీవ్రమైన చలి కన్నా దీర్ఘకాలం కొనసాగే మోస్తరు చలి వల్లే అధిక మరణాలు సంభవిస్తున్నాయని తేల్చింది. పక్షవాతం, గుండెపోటు, శ్వాసకోశ వ్యాధుల రూపంలో వచ్చే ఈ మరణాలు 'చలి చావుల' పద్దులో చేరవన్నది గమనార్హం.

ఈ దుస్థితికి సరిహద్దులు లేవు. నేపాల్ తెరాయిలోను, ఉత్తర బంగ్లాదేశ్‌లోను ఇదే పొగమంచు, ఇవే పూరిళ్లు. 2018 జనవరి 8న బంగ్లాదేశ్‌లోని తేతులియాలో 2.6 డిగ్రీలు నమోదై, ఆ దేశ చరిత్రలోనే కనిష్ఠంగా నిలిచింది. తెలుగునాట ఆదిలాబాద్ జిల్లాలోను, విశాఖ మన్యంలోను చలి తీవ్రత తక్కువేమీ కాదు. మంచు తెరలు చూసేందుకు లంబసింగికి పర్యాటకులు తరలిపోతున్నారు. అదే మంచులో నెగళ్ల చుట్టూ ముడుచుకుని తెల్లవార్చే గిరిజన కుటుంబాలకు మాత్రం అది వినోదం కాదు.

నిరాశ్రయుల విషయంలో చట్టపరమైన ఆదేశాలకు కొదవలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఇల్లు లేనివారు 17.7 లక్షలు. వారిలో 9.38 లక్షల మంది పట్టణాల్లోనే ఉన్నారు. ఢిల్లీలో నడిశీతకాలంలో ఒక తాత్కాలిక ఆశ్రయాన్ని కూల్చివేసిన ఉదంతం దరిమిలా, 2010లో సుప్రీంకోర్టు రాత్రి ఆశ్రయాల ఏర్పాటుపై ప్రభుత్వాలకు ఆదేశాలు జారీ చేసింది. ప్రతి లక్ష పట్టణ జనాభాకు కనీసం 100 మందికి సరిపడా శాశ్వత వసతి ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధి పథకం కూడా నిర్దేశించింది. అయితే ఆశ్రయం ఎక్కడ ఉందన్నది, ఉందా లేదా అన్నదానితో సమానమైన ప్రశ్న. రిక్షాను వీధిలో వదిలి లోపల పడుకునే ధైర్యం రిక్షా కార్మికునికి ఉండదు. వేకువనే మార్కెట్‌లో బరువులు మోయవలసిన హమాలీ ఊరి చివరి ఆశ్రయానికి వెళ్లలేడు. భార్యాబిడ్డలున్నవారికి మగవారి వసతి అక్కరకు రాదు.

ఇక మిగిలేది చలిమంట. అదీ ఇప్పుడు వివాదాస్పదమే. ఢిల్లీ పరిసరాల్లో వాయు కాలుష్య నియంత్రణ కోసం బహిరంగంగా చెత్త, కట్టెలు కాల్చడంపై ఆంక్షలున్నాయి. కాపలాదారులకు విద్యుత్ హీటర్లు సమకూర్చాలని నివాస సంఘాలకు అధికారులు సూచించారు. సంఘం ఉన్న కాలనీలో ఇది సాధ్యమే. ఏ సంఘమూ లేని కాలిబాటవాసికి హీటర్ ఎవరిస్తారు? మంటను ఆరుబయట వద్దంటే, గాలి చొరబడని గదిలోకి బొగ్గుల కుంపటి చేరుతుంది. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

శీతల పవనాలను కేంద్రం 2012లో ప్రకృతి వైపరీత్యాల జాబితాలో చేర్చింది. తుపాను, వరదల మాదిరిగానే సహాయ నిధుల వినియోగానికి వీలు కలిగింది. అయినా తుపానుకు ముందు కనిపించే సన్నద్ధత చలికి ముందు కనిపించడం లేదు. తుపాను ఎప్పుడు వస్తుందో కొద్ది రోజుల ముందు మాత్రమే తెలుస్తుంది. జనవరి ఎప్పుడు వస్తుందో ఏడాది ముందే తెలుసు. కంబళ్ల పంపిణీకి జనవరిలో టెండర్లు పిలవడం వల్ల ప్రయోజనం శూన్యం. అక్టోబర్ నాటికే ఆశ్రయాల మరమ్మతులు ముగించి, పనిపాటలు సాగే చోటనే వాటిని నెలకొల్పి, వసతి గృహాల్లోని పిల్లలకు రగ్గులు, వేడినీరు సమకూర్చినప్పుడే ఈ మరణాలకు అడ్డుకట్ట పడుతుంది. కాశ్మీరీ గృహిణి వేసవిలోనే శీతకాలాన్ని తలచుకుంటుంది. ఆ మాత్రం ముందుచూపు ప్రభుత్వాలకు అలవడాలి.