పరీక్షా వైమానికుని ధైర్యము

యుద్ధవీరునకు పతకములిచ్చుట యెల్ల దేశములకును పరిపాటియే. శాంతికాలమున ప్రాణములొడ్డి పనిచేయువానిని స్మరించుట మాత్రము అరుదు. ఆంగ్ల వైమానికుడగు రోలండ్ బీమాంట్ చరిత్ర ఈ విషయమున గమనింపదగినది.

1940 నాటి బ్రిటన్ గగనయుద్ధమున ఆయన పోరాడెను. 1944లో టెంపెస్ట్ విమానములకు నాయకుడై, జర్మనులు పంపు నెగిరెడు బాంబులను మార్గమధ్యముననే కూల్చెను. ఆ యేడే శత్రువులకు చిక్కి, యుద్ధాంతము వరకు చెరయందుండెను. డి.ఎస్.ఓ., డి.ఎఫ్.సి. పతకములు ఆయనకు రెండేసి మారులు లభించినవి.

ఇంత కీర్తి గడించియు ఆయన విశ్రమింపలేదు. 1947లో ఇంగ్లీష్ ఎలక్ట్రిక్ కంపెనీలో ప్రధాన పరీక్షా వైమానికుడుగా చేరెను. 1949 మే 13న కాన్‌బెరా విమానమును ప్రప్రథమమున నడిపినది ఆయనయే. ఆ తొలి ప్రయాణమునందే చుక్కానిలోని లోపమును కనిపెట్టి చెప్పెను; నిర్మాతలు దానిని సవరించిరి.

రణరంగమున శత్రువు ఎదుట నిలుచును. క్రొత్త విమానమున శత్రువు యంత్రములో దాగియుండును. అచ్చట ధైర్యమొక్కటే చాలదు. నిశ్చలబుద్ధియు, సత్యవాదిత్వమును వలయును. లోపమెరిగియు యజమానుల మెప్పునకై మిన్నకుండువాడు, రేపు ఆ విమానమెక్కు యువకునకు ద్రోహియే యగును.

ఆ కాన్‌బెరాలను మన వైమానికదళము 1957 మొదలు 2007 వరకు వాడెను. బీమాంటు ముఖమెరుగని మనవారును ఆయన శ్రమకు ఋణపడిరి. మన దేశమునను అట్టి వీరులు లేకపోలేదు. 1961లో మారుత్ విమానమును మొట్టమొదట నడిపిన సురంజన్ దాస్, 1970లో ఆ జాతి విమానమునే పరీక్షించుచు బెంగుళూరున అసువులు బాసెను. యుద్ధవీరుల కథలతోపాటు ఇట్టివారి చరిత్రలను సయితము మన బాలురకు బోధింపవలెను.