బటన్ మీద మాట కోడ్ లోపల కాదు, బయట ఉండాల

కాస్త పొడుగు పోస్టు. ఓపికగా చదవండి. తప్పుంటే తిట్టండి, పడతాం.

మన పిల్లోళ్లు నలుగురు కలిసి హాస్టల్ సీట్లు, స్కాలర్‌షిప్ తేదీలు చూపించే వెబ్ యాప్ చేస్తున్నారు. సంతోషం. కానీ స్క్రీన్ మీద మాటలన్నీ ఇంగ్లీషులో, అదీ కోడ్ లోపల్నే రాసినారు. ఎందుకని అడిగితే "ముందు పని చేయనీండి, భాష సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఆ "తర్వాత" మీదనే మా కొట్లాట.

మా హాస్టల్‌లో ఒక తమ్ముడున్నాడు. పత్తికొండ పక్క తాండా. అమ్మానాయన మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోయినారు. ఆన్‌లైన్‌లో స్కాలర్‌షిప్‌కు పెట్టుకున్నాడు. స్టేటస్ "సెంట్ బ్యాక్" అని వచ్చింది. సెంట్ అంటే పైకి పంపినారు కదా అనుకోని నెల రోజులు గమ్మునున్నాడు. నిజానికి ఒక కాగితం సరిగా లేదని వెనక్కి కొట్టినారు. తెలిసేసరికి గడువు దాటిపోయింది. తప్పు వానిదా? అక్కడ "దరఖాస్తు వెనక్కి వచ్చింది, కాగితం సరిచేసి మళ్లీ పంపండి" అని ఉంటే ఆ రోజే పరిగెత్తేవాడు.

అట్ల ఎందుకు ఉండదు? తెలుగు రాసేవాళ్లు లేక కాదు. మాటను కోడ్‌లో పాతిపెడతారు కాబట్టి. ఒక మాట మార్చాలంటే ఎన్ని పేజీల్లో ఉందో వెతకాల, మార్చాల, మళ్లీ బిల్డ్ చేయాల, టెస్ట్ చేయాల. ఆ బాధకు భయపడి ఎవరూ ముట్టుకోరు.

దీనికి మందు పాతదే, ఖర్చు లేనిదే: ప్రాపర్టీస్ ఫైలు. మామూలు టెక్స్ట్ ఫైలు. ఒక్కో వరుసలో ఈక్వల్ గుర్తుకు ఎడమ పక్క ఒక తాళంచెవి పేరు, కుడి పక్క స్క్రీన్ మీద కనపడే మాట. కోడ్‌కు తెలిసేది ఎడమ పక్క పేరు ఒక్కటే. అదే ఫైలును తెలుగు కోసం పేరు చివర "టీఈ" పెట్టి ఇంకొకటి రాసుకుంటాం. జావాలో తెలుగు ఫైలులో ఏదైనా వరుస లేకపోతే అసలు ఫైలు నుంచి మాట తెచ్చుకుంటుంది, యాప్ ఆగదు. అంటే ఈ రోజు పది మాటలు, రేపు పది మాటలు రాసుకుంటా పోవచ్చు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ మాటలు చాలా ఏళ్లు ఇట్లాంటి ఫైళ్లలోనే ఉండేవి. తెలుగు వలంటీర్లు బ్రౌజర్ కోడ్ ముట్టుకోకుండానే దాన్ని తెలుగు చేసినారంటే అందుకే.

"మాటలేం రోజూ మారుతాయా" అంటారా? మన జిల్లాలనే చూడండి. 2005లో ఇంగ్లీషు స్పెల్లింగు కడ్డపా నుంచి కడప అయింది. 2010లో వైఎస్సార్ జిల్లా అయింది. 2025లో వైఎస్సార్ కడప అయింది. ఆత్మకూరు చెంచు గూడేలు కర్నూలు జిల్లాలో ఉండేవి, 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లా. ఇంకో మాట గుండెకు తగిలేది: చెంచులను ప్రభుత్వ కాగితాల్లో "ప్రిమిటివ్" తెగ అని రాసేవాళ్లు. 2006లో కేంద్రం ఆ మాట తీసేసింది. ఇట్లాంటి మాట కోడ్‌లో పాతి ఉంటే, ఆర్డరు మారినా స్క్రీన్ మీద అవమానం మారదు. బయట ఫైలులో ఉంటే ఒక్క వరుస దిద్దితే పోతుంది.

"మన భాషలకు లిపి ఎక్కడిది" అని ఇంకో మాట. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి 8 గిరిజన భాషల్లో చిన్న పిల్లలకు పాఠాలు పెట్టినారు. అందులో బంజారా ఒకటి. పుస్తకాలు తెలుగు లిపిలోనే అచ్చేసినారు. బడి పుస్తకానికి పనికొచ్చిన లిపి బటన్‌కు పనికిరాదా? అంతర్జాతీయ భాషా కోడ్‌లలో లంబాడీకి "ఎల్ఎంఎన్" ఉంది, ఎరుకలకు "వైఈయూ" ఉంది. మనకు గుర్తింపు అక్కడ ఉంది. ఫైలు రాయాల్సింది మనమే.

"బ్రౌజర్ అనువాదం నొక్కితే సరిపోతుంది కదా" అనేవాళ్లకు: మెషీన్ ఒక్కోసారి "హోమ్" బటన్‌ను "ఇల్లు" చేస్తాది. దరఖాస్తు నింపే అమ్మకు అది ఏమర్థమయితాది?

చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఒకటి, జావా 8 వరకు ఈ ఫైళ్లను ఐఎస్ఓ 8859-1గా చదివేది, తెలుగు పిచ్చి గుర్తులుగా వచ్చేది. జావా 9 నుంచి రిసోర్స్ బండిల్ యూటీఎఫ్-8గానే చదువుతాది. రెండు, వాక్యాన్ని ముక్కలు చేసి కోడ్‌లో అతికించొద్దు. ఇంగ్లీషులో క్రియ మధ్యలో వస్తాది, మనకు చివర్న వస్తాది. పూర్తి వాక్యం ఫైలులో రాసి, పేరుకు, తేదీకి ఖాళీలు వదలండి.

ఒప్పుకుంటాం, ఫైలు పెట్టినంత మాత్రాన తెలుగు దానంతటది రాదు. ఎవరో కూర్చోని రాయాల. కానీ కోడ్ రాని మా అందరికీ ఆ పని చేతనవుతాది. మాటను లోపల పెడితే యాప్ ఇద్దరు కోడర్లది. బయట పెడితే గ్రూపు మొత్తానిది.

అందుకే అడుగుతున్నాం. మన యాప్‌లో ఈ రోజు నుంచి స్క్రీన్ మీద మాట ఒక్కటి కూడా కోడ్‌లో ఉండకూడదు. తెలుగు ఫైలు మేం హాస్టల్‌లో కూర్చోని రాస్తాం. సెలవులకు పోయినప్పుడు తాండాలో యాడికి, గూడెంలో అవ్వకు చదివి వినిపించి, అర్థం కాని మాట దిద్దుతాం. ఆ తర్వాత గోర్ బోలి ఫైలు. ఇది మనం చేసి చూపిస్తేనే ప్రభుత్వ వెబ్‌సైట్లను గట్టిగా అడిగే నోరు మనకు ఉంటాది.

ఆ తమ్ముడు ఈ ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటున్నాడు. మన యాప్‌లో అయినా వానికి తెలిసిన మాట కనపడనీండి.

జై సేవాలాల్! జై ఆదివాసీ!