తాతల నాటి తుపాకీ... గొట్టం గట్టిదేనా?

పాత జమీందారీ లోగిళ్లలో గోడకు వేలాడే డబుల్ బ్యారెల్ తుపాకీని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? కొన్నింటి గొట్టాల మీద పాము కుబుసంలాంటి చారలుంటాయి. అవి డమాస్కస్ గొట్టాలు. ‘వీటిని పేల్చారో, చేతిలోనే చీలిపోతాయి’ అని హెచ్చరిస్తుంటారు పెద్దవాళ్లు. పక్కనే నున్నటి ఉక్కు గొట్టం ఉంటే మాత్రం ‘దీనికేం, శుభ్రంగా పేల్చుకోవచ్చు’ అంటారు. రెండూ సగం నిజాలే. సగం నిజాన్ని నమ్మి తూటా పెడితే పోయేది వేళ్లు!

ఆ చారలు పైపైన వేసిన డిజైను కాదు. ఇనుప, ఉక్కు కడ్డీలను కలిపి కొలిమిలో కాల్చి అతికేవారు. వాటిని తాడులా మెలిపెట్టి, అలాంటివి రెండు మూడు పక్కపక్కన చేర్చి పట్టీగా సాగదీసేవారు. ఆ పట్టీని, పెన్సిల్‌కి రిబ్బను చుట్టినట్టు, ఒక ఊచ చుట్టూ చుట్టి సమ్మెటలతో అతుకులు కలిపేవారు. ఆమ్లం తగలగానే ఇనుము ఒక రంగులో, ఉక్కు ఒక రంగులో తేలి చారలు కనిపిస్తాయి. బెల్జియంలోని లీజ్ నగరం, ఆ చుట్టుపక్కల లోయలోని పల్లెలు ఈ పనికి ప్రసిద్ధి. పేరు డమాస్కస్ కదా అని మన ఉక్కుతో ముడిపెట్టేరు! నిజామాబాద్ జిల్లా కోనసముద్రం నుంచి పర్షియా వర్తకులు కొనుక్కుపోయింది మూసలో కరిగించిన ఉక్కు. అది కత్తుల కథ. తుపాకీ గొట్టానికి ఆ పేరు పోలికను బట్టి వచ్చిందే.

తర్వాత సర్ జోసెఫ్ విట్‌వర్త్ వచ్చాడు. మెకానిక్కులు నేటికీ ‘విట్‌వర్త్ మర’ అనేది ఆయన పేరుతోనే. కరిగిన ఉక్కును అచ్చులో ఉండగానే విపరీతంగా నొక్కి, లోపలి గాలి బుడగలను పిండేసే పద్ధతిని ఆయన 1860ల్లో తెచ్చాడు. అతుకుల్లేని దిమ్మెను తొలిస్తే గొట్టం తయారు. ఇంక డమాస్కస్ పని అయిపోయినట్టేనని చాలామంది అనుకున్నారు.

కానీ బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌ వారు 1890 ప్రాంతంలో రకరకాల గొట్టాలను మందు మోతాదు పెంచుతూ పగిలేదాకా పరీక్షించారు. మొదటి స్థానం వచ్చింది విట్‌వర్త్ ఉక్కుకు కాదు... మూడు కడ్డీలు మెలిపెట్టి చేసిన ఇంగ్లిష్ గొట్టానికి! మరి ఆ రకం ఎందుకు కనుమరుగైంది? ప్రధానంగా ఖర్చు. ఒక్కో గొట్టానికి అంతమంది కూలీ ఎక్కడ, కడ్డీ తొలిచే యంత్రం ఎక్కడ!

అలాగని డమాస్కస్‌ను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. మంచి పనివాడు చేసింది బ్రహ్మాండం, చవకరకం అధ్వానం. అతుకుల మధ్య చిట్టెం చిక్కుకుని ఉండొచ్చు. అందులోకి తుప్పు పాకితే పైకి కనిపించదు. నున్నటి పాత గొట్టాలూ చాలావరకు నేటి క్రోమియం-మాలిబ్డినం ఉక్కు కావు, మామూలు మైల్డ్ స్టీలుకు దగ్గరి చుట్టాలే.

అసలు విషయం మందంలో ఉంది. 12 బోర్ తూటాకు నేటి అంతర్జాతీయ ప్రమాణం 740 బార్ల దాకా ఒత్తిడిని అనుమతిస్తుంది. కారు టైరులో ఉండేది సుమారు 2 బార్లు! ఆ ఒత్తిడి గొట్టాన్ని చుట్టూరా లాగుతుంది. కాబట్టి చీలితే వెదురు బొంగులా నిలువునా చీలుతుంది. గోడ మందం సగమైతే అదే ఉక్కు మీద లాగుడు దాదాపు రెట్టింపు. తూటా ఉండే చోట గోడ దళసరిగా ఉంటుంది. మేలురకం పాత తుపాకుల్లో ముందు భాగం మందం మిల్లీమీటరు కూడా ఉండదు.

తుప్పు గుంటలు పడ్డ గొట్టాన్ని బాగు చేయడమంటే లోపల అరగదీసి గుంటలు పోగొట్టడమే. ఫలితంగా అద్దంలా మెరుస్తుంది, పల్చబడుతుంది. లోపలికి తొంగిచూసి ‘ఆహా, కొత్తదానిలా ఉంది’ అని మురిసిపోయే గొట్టమే ప్రమాదకరం కావచ్చు. గొట్టం లోపలి కొలత చూస్తే ఎంత పెరిగిందో తెలుస్తుంది. గోడ మందాన్ని మాత్రం గేజ్ ఉన్న గన్‌స్మిత్ చోటుచోటా విడిగా కొలవాలి.

బ్రిటిష్ తుపాకీ అయితే గొట్టాల అడుగున ప్రూఫ్ ముద్రలుంటాయి. అది పాతకాలపు నల్ల మందుకే పరీక్షకు నిలిచిందా, పొగ రాని మందుకు కూడానా అన్నది వాటిని బట్టే చెప్పాలి. పాత బ్రిటిష్ తుపాకుల్లో చాలావాటి తూటా గది పొడవు 65 మిల్లీమీటర్లు. నేడు మామూలుగా దొరికే తూటా 70. పెట్టేటప్పుడు చక్కగా పడుతుంది. పేలినప్పుడు ముడుచుకున్న మూతి విచ్చుకునే చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది.

ఇక ఏ ఉక్కయినా తట్టుకోలేనిది అడ్డంకి. గొట్టంలో బురద చాలు. అంతకంటే ఘోరం 20 బోర్ తూటా. పొరపాటున 12 బోర్‌లో వేస్తే అది జారి తూటా గదికి కాస్త ముందు ఇరుక్కుంటుంది. చూస్తే గది ఖాళీగా కనిపిస్తుంది, ఇంకో తూటా వేసి పేలుస్తారు. చీలేది సరిగ్గా ముందు చెయ్యి ఉండే ప్రాంతంలోనే. ఒక్క చూపులో తేడా తెలియాలనే 20 బోర్ తూటాలకు పసుపు రంగు వేస్తున్నారు.