టూరిస్టులొస్తారు సరే, ఎవరి ఖర్చుతో?

కొత్త పర్యాటక కేంద్రానికి ప్రభుత్వం డబ్బులిస్తానన్నప్పుడల్లా రెండే మాటలు వినబడతాయి. "లక్షలమంది వస్తారు, ఉద్యోగాలొస్తాయి" అని ఒకరు, "శుద్ధ దండగ" అని ఇంకొకరు. కూర్చుని లెక్క వేసేవాళ్ళు మాత్రం తక్కువ. పాత ఉదాహరణే అయినా లండన్ మిలీనియం డోమ్ తీసుకుందాం. దాని లెక్కలన్నీ బయటికొచ్చాయి కాబట్టి మనకి సుళువు.

2000లో ఏడాదిపాటు నడిచిన ప్రదర్శన అది. కోటీ ఇరవై లక్షలమంది వస్తారన్నారు. వచ్చింది సుమారు 65 లక్షలు. తమాషా ఏంటంటే, ఆ ఏడాది బ్రిటన్‌లో టికెట్టు కొని చూసేవాటిలో జనం ఎక్కువగా వెళ్ళింది దానికే! అయినా డబ్బు చాలక మళ్ళీ మళ్ళీ చెయ్యి చాచారు. అక్కడ ప్రభుత్వ లాటరీ సొమ్ములో కొంత ప్రజోపయోగ పనులకి పోతుంది. అందులోంచి మొదట 39.9 కోట్ల పౌండ్లు ఇస్తామన్నది చివరికి 62.8 కోట్లయింది. భాగించి చూడండి, మనిషికి దాదాపు 97 పౌండ్లు. పెద్దవాళ్ళ టికెట్టేమో 20.

"ఆ ప్రాంతం బాగుపడలేదా?" అంటారు. నిజమే. పాత గ్యాస్ ఫ్యాక్టరీతో పాడైన నేల శుభ్రమైంది, 1999లో భూగర్భ రైలు స్టేషనొచ్చింది, 2007లో అదే డోమ్ ఓ2 పేరుతో కచేరీల వేదికై బాగా నడుస్తోంది. కానీ నేల బాగుచెయ్యడమే లక్ష్యమైతే ఆ సంగతి ముందే చెప్పాలి. కోడు ఫెయిలయ్యాక టెస్టు కేసు మార్చేసి పాసయిందంటే మా ఆఫీసుల్లో ఎవరూ ఒప్పుకోరు.

ఇంకోటి. డోమ్ చూసొచ్చిన లండన్ కుటుంబం, అది లేకపోతే ఇంట్లోనే కూర్చునేదా? ఏ జూకో, సినిమాకో వెళ్ళేది. ఈ జేబులోంచి ఆ జేబులోకి మారిన డబ్బుని కొత్త ఆదాయం అనకూడదు కదా!

అదే దేశం 2001 డిసెంబరులో జాతీయ మ్యూజియాలకి టికెట్టు తీసేసింది. దానికీ ప్రజల సొమ్మే పెట్టారు. కొత్త కట్టడమేదీ లేకుండానే సందర్శకులు బాగా పెరిగారు.

నేను సబ్సిడీలకి వ్యతిరేకిని కాను. మూడు ప్రశ్నలకి ముందే కాగితమ్మీద జవాబు రాయమంటాను, అంతే. అనుకున్నవాళ్ళలో సగంమందే వస్తే లోటు ఎవరు భరిస్తారు? వచ్చేవాళ్ళలో నిజంగా కొత్తవాళ్ళెందరు? ఇదే డబ్బు ఉన్నవాటికి పెడితే ఏమొస్తుంది? ఇవి తేలకుండా శంకుస్థాపన చేస్తే రిబ్బను కత్తిరించేది వాళ్ళు, బిల్లు కట్టేది మనం.