పాఠం రికార్డు చేయొద్దనడం సంప్రదాయం కాదు

ప్రగతి నగర్, నిజాంపేట, కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లలో సాయంత్రం కాగానే సరళీ స్వరాలు వినిపిస్తాయి. ఆ క్లాసుల్లో చాలా చోట్ల ఒక నియమం పాతుకుపోయింది: ఫోన్ బయట పెట్టి రావాలి. పాఠం రికార్డు చేసుకుంటే చెవి మొద్దుబారుతుందట, గురుశిష్య పరంపర చెడుతుందట. ఈ వాదన తప్పు. పరంపరకే ఇది చేటు చేస్తోంది.

ఇలా వాదించేవారు అన్నమయ్య పేరు ఎత్తుతారు కానీ, ఆయన పాటకు ఏం జరిగిందో చెప్పరు. ఆయన 32 వేల సంకీర్తనలు రచించాడని ప్రతీతి. రాగిరేకుల పుణ్యమా అని 12 వేలకు పైగా దక్కాయి. రేకు మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. ఆయన పాడిన వరుస లేదు. ఇవాళ మనం వింటున్న బాణీల్లో అత్యధికం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు 20వ శతాబ్దంలో కట్టినవే. రాగి మీద చెక్కించి దాచిన వంశం పాటకే ఈ గతి పట్టింది. నోటి పరంపర ఒక్కటే చాలనేవారు దీనికి జవాబు చెప్పాలి.

త్యాగరాజ కీర్తనలు నిలవలేదా అంటారు. నిలిచాయి. వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ వంటి శిష్యులు రాసి పెట్టుకున్నారు కనుక. అయినా కాగితానికి గమకం పూర్తిగా చిక్కదు. తోడి గాంధారాన్ని ‘గ’ అని రాస్తే ఏం తెలుస్తుంది? గురువుగారు దాన్ని ఎంత ఊపారో వినాలి. శ్రుతి మారకుండా వేగం సగానికి తగ్గించి వినిపించే యాప్‌లు ఇప్పుడు ఫోన్‌లోనే ఉన్నాయి. ఆ గమకాన్ని ఇంట్లో పదిసార్లు వినే అవకాశం పిల్లలకు ఎందుకు ఇవ్వకూడదు?

రికార్డింగ్ ఉంది కదా అని సాధన తగ్గించే పిల్లలు ఉంటారు, నిజమే. అది గురువు సరిదిద్దవలసిన అలవాటు, నిషేధానికి కారణం కాదు. పాఠం యూట్యూబ్‌కెక్కుతుందన్న భయం మాత్రం న్యాయమైనదే. దానికి చట్టం ఉంది. కాపీరైట్ చట్టం 39వ సెక్షన్ సొంత వాడకానికి, నిజమైన బోధనకు, పరిశోధనకు చేసే రికార్డింగ్‌ను కళాకారుడి హక్కుల ఉల్లంఘనగా చూడదు. ఊరంతటికీ పంచుకోవడానికి ఆ మినహాయింపు వర్తించదు. గురువు ఒప్పుకున్నంత మేరకే అనే షరతు పెడితే సరిపోతుంది.

ఇక ఈ రికార్డింగ్‌లను దాచాల్సిన గ్రంథాలయాల మాట. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నాం. ఆ డబ్బుతో పోటీ పరీక్షల పుస్తకాలు కొంటున్నారు, కొనాల్సిందే. కానీ మన వీధిలో పాఠం చెబుతున్న పెద్దవారి గొంతు దాచే పని ఎవరిది? దీనికి స్టూడియో అక్కర్లేదు. ఒక నిశ్శబ్దమైన గది, ఒక ఫోన్, ఫైలుకు గురువు పేరు, రాగం, తాళం, తేదీ రాసే ఓపిక ఉన్న ఉద్యోగి చాలు. తంబురా నాదాన్ని కూడా రొదగా లెక్కగట్టి తుడిచేసే నాయిస్ సెట్టింగ్ ఆపాలి, వాట్సాప్‌లో కుదించకుండా అసలు ఫైలే దాచాలి. ఇంతకుమించిన సాంకేతిక రహస్యం ఏదీ లేదు.

అన్నమయ్య కాలంలో ధ్వనిని పట్టే సాధనమే లేదు, అందుకే వరుస పోయింది. ఇప్పుడు సాధనం ప్రతి జేబులో ఉంది. అయినా పోగొట్టుకుంటే అది నిర్లక్ష్యమే. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఈ ఏడాదే ఒక్కో శాఖలో ధ్వని విభాగం తెరవాలి. సంగీత గురువులు ఫోన్‌పై నిషేధం ఎత్తివేయాలి.