ముందు సంతకం, తర్వాతే విమానం

"తాళి కట్టాడు, రెండొందల మంది చూశారు. ఇక మిగిలింది కాగితమేగా, నిదానంగా తెచ్చుకుంటారులే." విదేశీ బీచ్‌లో పెళ్లి జరిపించి వచ్చిన తెలుగు ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. నెలలు గడిచినా ఆ కాగితం చేతికి రాకపోతే తిట్లు తినేది రిజిస్ట్రార్ ఆఫీసూ, ఎంబసీనూ. నేనొప్పుకోను. ఈ ఆలస్యంలో చాలా భాగం ఆఫీసుల్లో పుట్టదు. రిసార్టుకు అడ్వాన్సు కట్టిన రోజే పుడుతుంది.

విదేశాల్లో పెళ్లిళ్లు వద్దనడం నా ఉద్దేశం కాదు. 2023 నవంబర్‌లో ప్రధాని 'మన్ కీ బాత్'లో ఆ ధోరణిని తప్పుబట్టారు. ఆ చర్చ వేరు. ఎవరి డబ్బు వారిష్టం. నా పేచీ అంతా 'కాగితమేగా' అన్న ఆ తేలికతనంతోనే.

థాయ్‌లాండ్‌నే తీసుకోండి. అక్కడి చట్టం లెక్కలో, 'అంఫో' అనే జిల్లా కార్యాలయంలో నమోదైతేనే పెళ్లి. సముద్రపు ఒడ్డున మండపం, మంత్రాలు, తలంబ్రాలు ఆ లెక్కలోకి రావు. నమోదుకు మన ఎంబసీ నుంచి పెళ్లికి అడ్డేమీ లేదనే పత్రం, దానికి థాయ్ అనువాదం, ఆ అనువాదం మీద అక్కడి విదేశాంగ శాఖ ముద్ర కావాలి. మూడు రాత్రుల ప్యాకేజీలో ఇవన్నీ ఎక్కడ ఇముడుతాయి? అందుకే చాలామంది ప్లానర్లు అమ్మేది 'సింబాలిక్ సెరిమనీ'. రిసార్టువాళ్లు బంగారు అంచు కాగితం మీద ఇద్దరి పేర్లూ రాసిచ్చే సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకోవడానికి బాగుంటుంది. ఏ కౌంటర్లోనూ చెల్లదు.

పోనీ, అక్కడి మన ఎంబసీలోనే చేసుకుంటే? 1969 నాటి విదేశీ వివాహ చట్టం ప్రకారం నోటీసు ఇచ్చే ముందు ఇద్దరిలో ఒకరైనా 30 రోజులు అక్కడ నివాసముండాలి. తర్వాత అభ్యంతరాల కోసం మరో 30 రోజులు ఆగాలి. శుక్రవారం మెహందీ పెట్టుకుని సోమవారం తిరుగు విమానం ఎక్కేవాళ్లకు ఆ దారి మూసినట్టే.

"నమోదు కాకపోయినా హిందూ వివాహం చెల్లుతుంది కదా" అంటారు కొంచెం చట్టం తెలిసినవాళ్లు. నిజమే. 1955 హిందూ వివాహ చట్టం, భారత్‌లో స్థిరనివాసమున్న హిందువులకు దేశం దాటినా వర్తిస్తుంది. నమోదు కానంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదని 8వ సెక్షన్ చెబుతుంది. తంతు జరగకుండా ఉత్త సర్టిఫికెట్ ఉంటే అది హిందూ వివాహమే కాదని 2024లో డాలీ రాణి కేసులో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. కానీ వీసా కిటికీ దగ్గర మనల్ని అడిగేది సప్తపది గురించి కాదు. పెళ్లి జరిగిన చోటి చట్టం ప్రకారం అది చెల్లుతుందా అన్నదే అమెరికా వలస విభాగం ప్రధానంగా చూస్తుంది. ఫుకెట్‌లో జరిగి, ఫుకెట్‌లో నమోదు కాని పెళ్లిని చూపించి, జీవిత భాగస్వామికిచ్చే హెచ్4 వీసా అడిగితే మొదటి మెలిక అక్కడే పడుతుంది.

అప్పుడు మొదలవుతుంది అడ్డదారి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో శుభలేఖ, పెళ్లి ఫొటో, ముగ్గురు సాక్షులు అడుగుతారు. దరఖాస్తులో 'పెళ్లి జరిగిన స్థలం' అని ఒక గడి ఉంటుంది. శుభలేఖ మీదేమో రిసార్టు పేరు. "దాందేముందిరా, మన గుడి పేరేసి ఇంకో పది కార్డులు కొట్టిద్దాం" అంటాడు మేనమామ. ప్రింటింగ్ షాపులో అది గంట పని. ఆ గంటతో, ఆలస్యం కాస్తా సర్కారు రికార్డులోకెక్కిన అబద్ధమవుతుంది. రేపు సర్టిఫికెట్ ఒక ఊరు చెప్పి, ఇన్‌స్టాగ్రామ్ ఫొటోలు ఇంకో దేశం చూపిస్తే, ఇంటర్వ్యూలో జవాబు చెప్పుకోవాల్సింది మేనమామ కాదు, ఆ ఇద్దరే.

ఇద్దరిలోనూ ఎక్కువ నష్టపోయేది అమ్మాయే. సెలవు అయిపోయి అబ్బాయి డాలస్ వెళ్లిపోతాడు. ఉద్యోగానికి రాజీనామా చేసిన అమ్మాయి పుట్టింట్లో కూర్చుని వీసా ఎప్పుడని అడిగేవాళ్లందరికీ సమాధానం చెబుతుంటుంది. కాపురం చెడితే ఆమె హక్కులకు మొదటి ఆధారం ఆ కాగితమే. ప్రవాసుల పెళ్లిళ్లలో మోసాల సంగతి ప్రస్తావించి, వాటి నమోదు తప్పనిసరి చేయాలని లా కమిషన్ 2024లో తన 287వ నివేదికలో సిఫారసు చేసింది కూడా ఇందుకే.

దారి లేదా అంటే, రెండున్నాయి. ఒకటి, తాళి ఇక్కడే కట్టించి, నమోదు చేయించి, విందూ వినోదం బాలిలోనో బ్యాంకాక్‌లోనో పెట్టుకోవడం. రెండోది, 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద ముందే నోటీసు ఇవ్వడం. 30 రోజుల గడువు ముగిశాక, నోటీసు ఇచ్చిన నాటి నుంచి మూడు నెలల్లోపు ముగ్గురు సాక్షుల ముందు సంతకాలు పెట్టవచ్చు. "ముహూర్తానికి ముందే సంతకాలైతే, మధ్యలో మాట చెడితే విడాకులే కదా" అనే భయం ఉత్తదేమీ కాదు. అందుకే ఆ సంతకాలను విమానం ఎక్కడానికి రెండు రోజుల ముందుకు పెట్టుకోండి. రెండు రోజుల్లో చెడే సంబంధమైతే, బీచ్ మండపం దాన్ని నిలబెట్టదు.

పెళ్లి పెద్దలకు ఒక్క మాట. మండపం రంగులూ డ్రోన్ కెమెరాలూ మాట్లాడే ముందు ప్లానర్‌ను అడగండి: "ఈ పెళ్లి ఏ దేశపు రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది?" సూటిగా జవాబు రాకపోతే అడ్వాన్సు ఇవ్వకండి.