నల్లమల రాయి వయసు



అమ్రాబాద్ యురేనియం మాట వచ్చినప్పుడల్లా గద్వాల, వనపర్తిలో మన బిరాదర్ల నోట నేను వినే జవాబు ఒకటే: "అది చెంచుల మస్లా భాయ్. పైగా మనం కృష్ణకు ఎగువన ఉన్నాం, మనకేం తాల్లుఖ్?" ఈ మాట నాకు మింగుడుపడదు.

అసలు ఆ యురేనియం ఎక్కడిది? కాయినాత్ మొదట్లో ఉన్నది దాదాపు హైడ్రోజన్, హీలియమే. మనం పీల్చే ఆక్సిజన్, మన ఖూన్‌లోని ఇనుము తర్వాత సితారాల కడుపులో ఉడికినవి. ఇనుము దాకా వచ్చాక ఆ పొయ్యి ఆరిపోతుంది, దాన్ని ఇంకా కలిపితే వేడి పుట్టదు. పెద్ద సితారా కూలి, పేలి, ఉన్నదంతా బయటికి చిమ్ముతుంది. ఆ ధూళిలోంచి మళ్లీ కొత్త సితారాలు. ఇలా ఒక నస్ల్ వెనక ఇంకో నస్ల్, మన కహ్‌కషాన్‌లో బరువైన మూలకాలు కొంచెం కొంచెంగా పోగయ్యాయి.

యురేనియానికి ఆ పొయ్యి చాలదు. క్షణాల్లో న్యూట్రాన్ల వాన కురవాలి. 2017 ఆగస్టు 17న, 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న అలలు మన పరికరాలకు అందాయి. వెంటవచ్చిన వెలుగులో బరువైన మూలకాలు పుడుతున్న ఆనవాళ్లు దొరికాయి. నల్లమల రాయిలోనిది కూడా, సూరజ్ పుట్టకముందే, ఇలాంటి ఖయామత్‌లోనే తయారై ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. అది సగానికి తరగడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది. భూమి వయసు దాదాపు 454 కోట్లు. లెక్క మీరే వేసుకోండి.

తరిగేటప్పుడు అది రేడియం, రాడాన్ అవుతూ పోతుంది. రాయిలో ఉన్నంతసేపు చాలావరకు రాయిలోనే. తవ్వి, పిండి చేసి, వ్యర్థాన్ని చెరువు కడితే కథ వేరు. యురేనియం కలిసిన నీళ్లు కిడ్నీలకు చేటు. కడప జిల్లా తుమ్మలపల్లె చుట్టూ ఉన్న రైతులు తమ బోరు నీళ్ల గురించి ఎన్ని ఫిర్యాదులు చేశారో అడగండి.

2019లో అమ్రాబాద్ పులుల అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో, సుమారు 4000 బోర్లు వేసి వెతుకుతామన్నారు. చెంచులు, నాగర్‌కర్నూల్ జిల్లా జనం లేచి నిలబడ్డారు. సెప్టెంబర్‌లో అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. తీర్మానం కాగితం మీదుంది, ఖనిజం రాయిలోనే ఉంది.

ఇక "మనం ఎగువన" అనేవారికి ఒక సవాల్. మీ బేటా ఎక్కడ చదువుతున్నాడు? మీ బేటీని ఎక్కడ ఇచ్చారు? హైదరాబాద్‌లోనే కదా! ఆ షహర్ తాగే కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్‌వి, నల్లమల వాగులు దాటి వచ్చినవి.

ఇనుము ఆకాశం నుంచి వచ్చిందని సూరహ్ హదీద్ పేరుతో వాట్సాప్‌లో ఫార్వర్డ్‌లు పంపి మురిసిపోతాం. మంచిదే. ఆ గ్రూపుల్లోనే అమ్రాబాద్ గురించి కూడా ఒక మెసేజ్ తిరగనివ్వండి. మళ్లీ బోరు బండ్లు మన్ననూరు దారి పడితే, చెంచు పెద్దల పక్కన మన మస్జిద్ కమిటీల వాళ్లూ కూర్చోవాలి. ఆ మాట ఈ జుమాకే మొదలుపెట్టొచ్చు.